గవ్వల గది చివరి వారం

స్నిగ్ధ ఒళ్ళో పుస్తకం లేదు. అయినా పేజీ తిప్పింది.

ఎడమ అరచేయి తెరిచిన పుస్తకంలా ఉంది. చూపు ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, మళ్ళీ కింది వరుసకు దిగుతోంది. కుడిచేతి చూపుడువేలు నాలుకకు తాకింది. తడివేలితో గాలిని పట్టి ఎడమకు తిప్పింది. గుమ్మంలో నిలబడ్డ ఎస్తేర్‌కు కాగితం చప్పుడు వినిపించింది. భ్రమ కాదు. పాత కాగితం చేసే పెళుసు చప్పుడే.

"మా అమ్మ గట్లనే తిప్పుతుండె మేడం, వేలు తడి చేసుకొని," వెనక నుంచి ప్రవీణ్ అన్నాడు. "దీనికి ఆ అలవాటే లేదు. డిగ్రీ చదివే పిల్ల. ఏం చదివినా ఫోన్లనే."

స్నిగ్ధ చేయి మళ్ళీ లేచింది. ఈసారి సగంలోనే ఆగిపోయింది, పట్టుకోవడానికి పేజీ దొరకనట్టు. మంచం మీది నుంచి తల ఎత్తి ఎస్తేర్ వంక చూసింది.

"తర్వాతది ఏదమ్మా?"

గొంతు ఇరవై ఏళ్ళ పిల్లది కాదు. బస్సు దిగి మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూనే పుస్తకం అడిగే ముసలిగొంతు. ఆ గొంతు గల మనిషిని వాళ్ళు మట్టిలో పెట్టి నెల కాలేదు.

ఎస్తేర్ చేతిలోని గొడుగు కింద పడింది.

ప్రవీణ్ ఎల్లారెడ్డిలో లైన్‌మన్. కరెంటు తీగలకు భయపడని మనిషి కూతురి గదిలోకి అడుగు పెట్టడానికి జంకుతున్నాడు. ఎస్తేర్‌ను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించాడు.

"మీ మీద కోపం లేదు మేడం. కానీ మీరు చదివిపోయిన సాయంత్రం నుంచే ఇది షురూ అయింది. అన్నం ముడుతలేదు. నిద్ర లేదు. దవాఖానల చూపిచ్చిన, అన్ని రిపోర్టులు మంచిగనే ఉన్నయన్నరు. రేపు పగటీలికి బండి మాట్లాడిన. బార్డర్ అవతల ఒక బాబా ఉన్నడట. తోల్కపోత."

"తీసుకుపోయి?"

"ఆడనే ఉంచుకుంటరట. గొలుసుతోని కడుతరట, నయమయ్యేదాక." అతను చూపు తిప్పుకున్నాడు. "దాని మంచికే గద మేడం."

నిజమే. మొదలుపెట్టింది ఎస్తేరే.

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో, జిరాక్స్ దుకాణం పైగదిలో ఆదివారం మధ్యాహ్నాలు ఓ బైఠక్ జరుగుతుంది. పుస్తకాల పిచ్చివాళ్ళ బైఠక్. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే ఎస్తేర్ పొద్దున చర్చిలో పాఠం చదివి, మధ్యాహ్నం అక్కడికి వచ్చి నవలలు చదువుతుంది. ఆమె గొంతు కోసం భిక్నూర్ నుంచి, రామారెడ్డి నుంచి కూడా జనం వస్తారు. ఎల్లారెడ్డి నుంచి ప్రవీణ్ వాళ్ళమ్మ చంద్రవ్వ వచ్చేది.

ఆ బైఠక్‌కు ఒక ఆనవాయితీ ఉంది. సభ్యుల్లో ఎవరైనా చనిపోతే, వాళ్ళు సగంలో వదిలేసిన పుస్తకాన్ని దినాలు అయ్యాక వాళ్ళింట్లో కూర్చుని చివరిదాకా చదువుతారు. దాన్ని మిగులు చదువు అంటారు. కథ సగంలో ఆగితే బతికున్న మనిషికే నిద్ర పట్టదు, పోయినవాళ్ళకు ఎట్లా పడుతుందని ఎవరో సరదాగా మొదలుపెట్టారు. ఇప్పుడెవరూ దాన్ని సరదాగా తీసుకోరు.

చంద్రవ్వ దిండు పక్కన దొరికింది అచ్చు పుస్తకం కాదు. నలభై ఏళ్ళ కిందటి వారపత్రికలో వచ్చిన సీరియల్. పేరు 'గవ్వల గది'. వారం వారం పేజీలు చింపి, దాచి, ఎర్ర రెక్సిన్ అట్ట వేయించుకున్న బైండు. ఒకప్పుడు సీరియల్ చదివే ప్రతి ఇంట్లో ఇలాంటి బైండ్లు ఉండేవి. చాలా సీరియళ్ళు పుస్తకాలుగా రానే రాలేదు, ఆ బైండ్లలోనే బతికాయి.

ఎస్తేర్ చదివింది. వసుంధర అనే కొత్తకోడలు ఓ పాత బంగ్లాకు కాపురానికి వస్తుంది. తాళం వేసిన గదిలోంచి రాత్రిళ్ళు గవ్వలాట చప్పుడు. లోపల ఎవరున్నారని అడిగితే మొగుడు నవ్వుతాడు. చివరికి ఓ తెల్లవారుజామున వసుంధర గేటు దాటి జట్కా ఎక్కి, ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది. అక్కడితో పేజీలు అయిపోయాయి.

అందరూ ఆహా అన్నారు. గదిలో ఎవరున్నారో తేలలేదని ఒకరు గొణిగితే, బైఠక్‌లో చిన్నవాడైన శ్రావణ్ కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"అది ఓపెన్ ఎండింగ్ అన్నా. పాఠకుడికే వదిలేసిండు. ఆ కాలంలనే గిట్ల రాసిండంటే మామూలోడు కాదు!"

ఆ మాట మీద అరగంట చర్చ నడిచింది. టీ తాగి కామారెడ్డి బస్సెక్కారు. అదే సాయంత్రం స్నిగ్ధ గాలిలో మొదటి పేజీ తిప్పింది.

"ఆ బైండు ఇంకా ఉందా?" ఎస్తేర్ అడిగింది.

ప్రవీణ్ బీరువా మీద దాచిన బైండును పాములా పట్టుకుని తెచ్చి ఇచ్చాడు. "తగలబెడదామనుకున్న. చెయ్యి రాలే."

వరండా వెలుతురులో ఎస్తేర్ చివరి పేజీ తీసింది. ఈసారి కథ చదవలేదు. కాగితాన్ని చూసింది. బైండు చేసేటప్పుడు అంచులు సమంగా రావాలని కత్తి వేస్తారు. ఆ కత్తి కింద ప్రతి వారం ఆఖరి వరుస సగానికి తెగిపోయింది. అక్షరాల పై ముక్కలు మాత్రం చీమల బారులా అంచున మిగిలాయి. 'మిగతా కథ వచ్చే వారం' అని ఉండే వరుస అది. ఒక వారం చివర చూసింది. ఈ కొస నుంచి ఆ కొసకు పొడుగాటి చీమల బారు. ఇంకో వారం చూసింది. అదే బారు. మరి కథ అయిపోయిన చోట నడిమధ్యన 'సమాప్తం' అని ఒక్క మాటే ఉండాలి కదా?

ఆఖరి పేజీ అంచున కూడా ఈ కొస నుంచి ఆ కొసకు చీమల బారే ఉంది.

కథ అయిపోలేదు. ఇంకో వారం ఉంది. పుస్తకాల మీద గంటలకొద్దీ మాట్లాడే మనుషులంతా కలిసి, ఒక వారం తక్కువైన కథకు ఓపెన్ ఎండింగ్ అని పేరు పెట్టి, చనిపోయిన మనిషిని సగంలో వదిలి వచ్చారు.

గదిలోంచి మళ్ళీ ఆ గొంతు. "తర్వాతది ఏదమ్మా?"

"తెస్తా చంద్రవ్వా," అంది ఎస్తేర్. తను ఎవరికి మాట ఇచ్చింది?

* * *

చంద్రవ్వ కథలు ఎవరికి చదివేదో ఎల్లారెడ్డిలో అందరికీ తెలుసు. బీడీలు చేసే ఆడవాళ్ళకు. అందరూ చాటలు ఒళ్ళో పెట్టుకుని వరుసగా కూర్చుంటే, చంద్రవ్వ ఒక్కతే గోడకు ఆనుకుని సీరియల్ చదివేది. ఆమె చేయాల్సిన బీడీలు మిగతావాళ్ళు తలా ఇన్ని చేసి ఆమె చాటలో పోసేవారు. వాళ్ళలో ఈరవ్వ ఉందని ప్రవీణ్ చెప్పాడు. ఊరికి ఆ కొసన ఉంటుందట.

ఆటో దిగేసరికి ఈరవ్వ గడపలో కూర్చుని తునికాకు కత్తిరిస్తోంది.

"గవ్వల గదా? ఎందుకు యాదికి లేదు బిడ్డా! ఆ మొగోడు పాడుగాను, వాడు నవ్వుతుంటే కత్తెర తీస్కొని పొడవాలనిపిస్తుండె."

"చివరికి ఏమైందవ్వా? జట్కా ఎక్కినాక?"

"ఏమైతది? మర్లి ఇంటికే వచ్చింది. తాళం పగలగొట్టింది. లోపట వాని మొదటి పెండ్లాం ఉన్నది, ఎముకల గూడు తీరుగ. ఇద్దరు చెయ్యి చెయ్యి పట్టుకొని ఎల్లిపోయిన్రు. ఇంత జాగ కిరాయికి తీస్కొని బీడీలు చేస్కుంట బతికిన్రు."

ఎస్తేర్ పెన్ను ఆగింది. "బీడీలా? బంగ్లా కోడలికి బీడీలు చేసుడు ఎట్ల వచ్చిందవ్వా?"

"నన్నడుగుతవేంది? రాసినోన్ని అడుగు." ఈరవ్వ కత్తెర ఆపలేదు. పెదవి చివర మాత్రం ఏదో మెదిలింది.

"ఆ చివరి వారం పత్రిక మీ చంద్రవ్వ దగ్గర చూసినవా?"

"చేతుల పట్టుకొనే చదివింది గద. మస్తు ముసురు. వాగొచ్చి తొవ్వ తెగింది, కామారెడ్డి బస్సు లేకుండె. కార్ఖానకు ఆకు రాలే, తంబాకు రాలే. చేతుల పని లేక ఊకెనే కూసున్నం. అప్పుడు చదివింది."

ఎస్తేర్ గబుక్కున లేచింది. బస్సు రాలేదు. ఆకు రాలేదు. మరి పత్రిక ఎట్లా వచ్చింది?

రాలేదు. చంద్రవ్వ ఏదో పాత పత్రిక తెరిచి పట్టుకుని, చదువు రానివాళ్ళ ముందు కూర్చుని, లేని కథను చదివింది. ఆ తర్వాత ఎవరినీ అడగలేకపోయింది. అడిగితే ఊళ్ళో గుట్టు బయటపడుతుంది. అసలు గదిలో ఎవరున్నారో తెలియకుండానే నలభై ఏళ్ళు బతికింది, తెలియకుండానే పోయింది.

ఎస్తేర్ ఆటోలోంచే శ్రావణ్‌కు ఫోన్ చేసింది. "మనది తప్పయింది శ్రావణ్. ఓపెన్ లేదు, ఎండింగ్ లేదు. ఒక వారం తక్కువ ఉంది. ఆ రోజుల్లో కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పత్రికలు పంపిన ఏజెంటు ఎవరో కనుక్కో."

"అక్కా, నేను ఆ ఎండింగ్ మీద ఫేస్‌బుక్‌ల గింత పొడుగు పోస్టు పెట్టిన," అన్నాడు దీనంగా.

* * *

ఏజెంటు పేరు సీతారాం. ఇప్పుడు రైల్వే స్టేషన్ దగ్గర కూల్‌డ్రింక్ దుకాణం. ఎస్తేర్ బస్సు దిగేసరికి శ్రావణ్ అక్కడే నిలబడి ఉన్నాడు. వాన పడుతోంది.

"ముసురు వారమా? యాదికుంది," అన్నాడు ముసలాయన. "ఎల్లారెడ్డి కట్ట ఇప్పకుంటనే వాపస్ వచ్చింది. అమ్ముడుపోనియ్యి అట్టలు చింపి కంపెనీకి పంపుతం. లోపలి కాగితాలు చిత్తుకు ఏస్తం. కానీ సీరియల్ ఉన్నయి మా ఆమె ఎయ్యనియ్యకుండె. మీ తీరుగనే ఆమెకు కూడ ఈ రోగముండె." వెనకగది తలుపు తీశాడు. "ఆమె పోయినంక నేను ముట్టలే. ఎతుక్కోండ్రి. అట్టలుండయి మల్ల, ఏది ఏ వారందో తెల్వదు."

గదినిండా అట్టలు లేని పత్రికలు. ముఖాలు లేని మనుషుల్లా గోడలకు ఆనుకుని ఉన్నాయి. శ్రావణ్ ఓ మూల, ఎస్తేర్ ఓ మూల మొదలుపెట్టారు. దుమ్ముకు శ్రావణ్ తుమ్ములు. వాన చప్పుడు. ఆ చప్పుడు మధ్యలో ఎస్తేర్‌కు వెనక నుంచి ఓ పేజీ తిరిగిన చప్పుడు.

"శ్రావణ్, నువ్వేనా?"

అతను గదిలో లేడు. బయట పంపు దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు.

ఎస్తేర్ మెల్లగా వెనక్కి తిరిగింది. కిటికీ కింది కట్టలో పై పత్రిక తెరిచి ఉంది. ఇంతకు ముందు అది తెరిచి లేదు. దగ్గరికి వెళ్ళింది. దట్టమైన దుమ్ము మీద ఎక్కడా వేలిముద్ర లేదు. పేజీ కింది మూల మాత్రం ఒక వేలంత మేర తడిసి ఉంది. కప్పు వైపు చూసింది. ఎక్కడా నీళ్ళు కారడం లేదు.

పేజీ నెత్తిన పెద్ద అక్షరాలు. 'గవ్వల గది'. పక్కన, 'ఈ వారంతో ముగింపు'.

అక్కడే నిలబడి చదివింది. వసుంధరను తిరిగి తీసుకొస్తారు. గది తలుపు తీసి చూపిస్తారు. లోపల ఎవరూ లేరు. ఎప్పుడూ లేరు. ఆ చప్పుడంతా ఆమె మతిలోనిదేనని డాక్టరు చెబుతాడు. మొగుడు ఆమెను ఆ గదిలోనే ఉంచి తాళం వేస్తాడు. 'నీ మంచికే వసూ' అంటాడు. లోపలి నుంచి గవ్వల చప్పుడు మొదలవుతుంది. కథ సమాప్తం.

లోపలికి వచ్చి ఆమె భుజం మీదుగా చదివిన శ్రావణ్ ముఖం పాలిపోయింది.

"అక్కా, ఇది ఆ పిల్ల ముందట చదువుతవా? బండి వాకిట్ల పెట్టుకొని వాళ్ళ నాన నిలబడ్డప్పుడు?"

ఎస్తేర్ పత్రిక మూసి దుమ్ము దులిపింది.

"ఈరవ్వ చెప్పింది చదువు. అదే మంచిగుంది. ఎవరికి తెలుస్తది?"

"చంద్రవ్వకు తెలుస్తది. అది తను కట్టిన కథే. ఆమెకు కావల్సింది తనకు తెలియనిది."

"ఈ కథ విని ఆ పిల్ల గదిల నుంచి మల్ల బయటికే రాకుంటే?"

ఎస్తేర్ పత్రికను కొంగు కింద పెట్టుకుని వానలోకి నడిచింది.

* * *

మర్నాడు మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి తెల్ల బండి వాకిట్లో ఉంది. డ్రైవర్ తలుపు తెరిచిపెట్టి పాన్ నములుతున్నాడు.

"కొంచెం సేపు ఆగు ప్రవీణ్. ఒక్క వారం కథ. అయినాక నీ ఇష్టం."

ప్రవీణ్ గడియారం చూసుకున్నాడు. కూతురి వైపు చూశాడు. స్నిగ్ధ కళ్ళు గుంటలు పడ్డాయి. చేయి మాత్రం ఆగలేదు. అదే చోట లేస్తోంది, అదే చోట ఆగుతోంది. అతను గుమ్మం దగ్గరే చతికిలబడ్డాడు.

ఎస్తేర్ పత్రిక తీసేలోగా బయట ఆటో ఆగింది. ఈరవ్వ దిగింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ముసలమ్మలు. ఎవరూ పిలవలేదు. వచ్చి చాపమీద వరుసగా, అలవాటైనట్టు కూర్చున్నారు. గోడవైపు ఒక మనిషి పట్టే జాగా వదిలారు.

ఇప్పుడు అసలు ముగింపు చదివితే, చంద్రవ్వ అబద్ధం చదివిందని వీళ్ళకు తెలిసిపోతుంది. నలభై ఏళ్ళ పరువు. ఎస్తేర్ వంగి ఈరవ్వ చెవిలో అంది. "అవ్వా, మీరు జర బయట కూర్చుంటరా? ఇది వేరే చదువు."

"వేరేదేంది? ఆఖరి వారమే గద."

"అదే... అది నువ్వు విన్నట్టు ఉండదు."

ఈరవ్వ ఆమె ముఖంలోకి చూసి, బోసినోటితో నవ్వింది. "ఓ పంతులమ్మా! ఆకు రాని బస్సుల పుస్తకమొస్తదా? మాకు చదువే రాదు, అకల్ కూడ లేదనుకున్నవా?"

"మీకు... అప్పుడే తెలుసా?"

"పుస్తకం తలకిందులు పట్టుకున్నది పిచ్చిది. బొమ్మల మనిషి కాళ్ళు మీదికున్నయి." మిగతా ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మంచిగ చెప్తుండె. ఎందుకు ఆపాలె? కానియ్యి బిడ్డా. మేం గూడ అసలుది ఇనలే."

ఎస్తేర్ చదవడం మొదలుపెట్టింది.

మొదటి వాక్యానికే స్నిగ్ధ చేయి దిగింది. చూపు కదలడం మొదలైంది. ఎస్తేర్ పేజీ తిప్పితే స్నిగ్ధ కూడా తిప్పింది. ఒక్క తిప్పు, రెండు చప్పుళ్ళు. గదిలో గాలి బరువెక్కింది. వదిలేసిన జాగాలో చాప అల్లిక కిందికి నొక్కుకున్నట్టు ఎస్తేర్‌కు కనిపించింది. అటు చూడొద్దని తనకు తాను చెప్పుకుని, అక్షరాల మీదే దృష్టి పెట్టింది.

ఖాళీ గది. డాక్టరు. తాళంచెవి. తర్వాత ఆ మాట. 'నీ మంచికే వసూ.'

గుమ్మం దగ్గర ప్రవీణ్ తల ఎత్తాడు.

తాళం పడింది. గవ్వల చప్పుడు. సమాప్తం. ఎస్తేర్ ఆ మాట కూడా చదివింది, వదలకుండా.

స్నిగ్ధ అరచేయి వంక చూస్తూ కూర్చుంది. చాలాసేపు. ఆమె పెదవులు వణికాయి. చెయ్యరాని తప్పు చేసినట్టు ఎస్తేర్ పత్రికను గట్టిగా పట్టుకుంది. పిల్ల ఆ గదిలోకే వెళ్ళిపోయిందా?

"థూ!"

ముసలిగొంతు గది అదిరేలా పలికింది.

"గిదా? గిందుకోసమా నేను ఇన్నేండ్లు కొట్టుకున్నది?" స్నిగ్ధ నోటిలోంచి చంద్రవ్వ నవ్వు మొదలైంది, దగ్గుతో కలిసిన నవ్వు. "లోపట ఎవ్వరు లేరట! దాన్నే పెట్టి తాళమేసిండట! రాసినోని చేతులిరగ. నేను జెప్పిందే నయముండె గదనే ఈరీ?"

ఈరవ్వ కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు. గోడ పక్క ఖాళీ జాగా వైపు తిరిగి అంది. "నీదే మంచిగుండె. బీడీలు చేసుడు జర ఎక్కువైంది గని. ఇగ నడువు. పిల్లను ఇడిసిపెట్టు."

స్నిగ్ధ రెండు అరచేతులూ దగ్గరికి వచ్చాయి. అట్ట మూసినట్టు ధబ్బుమని శబ్దం. పిల్ల పక్కకు ఒరిగిపోయింది. ప్రవీణ్ ఒక్క దూకులో వచ్చి పట్టుకున్నాడు.

కాసేపటికి కళ్ళు తెరిచింది. అందరినీ చూసి కంగారుపడింది. "ఏంది నానా, ఇంతమంది ఉన్నరు? నాకు ఆకలైతుంది." ఆమె గొంతే. పలచగా, చిన్నగా, ఆమెదే.

ప్రవీణ్ ఆమె తలను రొమ్ముకు అదుముకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. బయట డ్రైవర్ హారన్ కొట్టాడు. ప్రవీణ్ లేచి వాకిట్లోకి వెళ్ళాడు. ఏం చెప్పాడో వినిపించలేదు. బండి తలుపు మూసిన చప్పుడు, వెనక్కి తిరిగి వెళ్ళిన చప్పుడు మాత్రం వినిపించాయి.

స్నిగ్ధ అన్నం తింటుంటే ముసలమ్మలు లేచారు. ఎస్తేర్ వాళ్ళను ఆటో దాకా సాగనంపింది. వెనక సీటులో ముగ్గురూ ఓ పక్కకు ఇరుక్కుని కూర్చున్నారు. ఇటువైపు ఒక మనిషి జాగా ఖాళీగా ఉంది.

"జరుగున్రి అవ్వా, మంచిగ కూసోన్రి. ముగ్గురే గద," అన్నాడు ఆటో అతను.

"నువ్వు నడుపు బిడ్డా," అంది ఈరవ్వ.

అతను కిక్ కొట్టాడు. ఆటో కదిలింది. గుంత దగ్గర ఎగిరిపడినప్పుడు, ఖాళీ వైపు టైరు ముగ్గురు కూర్చున్న వైపుకన్నా ఎక్కువ కుంగడం ఎస్తేర్ చూసింది.